బారిటోన్ అడిగిన సవరణ

ఆయన మొదటిసారి మా ఆఫీసుకి వచ్చినప్పుడు చేతిలో ఉన్నది మా పత్రికే. కావలసిన పేజీ పైకి కనపడేలా నాలుగు మడతలు పెట్టి తెచ్చారు. కౌంటర్ మీద గంట ఉంది, కొట్టలేదు. నేను తల ఎత్తేదాకా అలాగే నిలబడి, ఎత్తాక, "ఇందులో ఒక తప్పుంది, సన్. సవరణ వేస్తారేమోనని వచ్చాను" అన్నారు.

నాకప్పటికి యాభై మూడేళ్లు. అయినా ఆ ఊళ్లో పెద్దవాళ్లకి నేను 'సన్'నే. ఆయనకి ఎనభై నాలుగు. ఇస్త్రీ చేసిన ఖాకీ ప్యాంటు, భుజాల మీదుగా పట్టీలు, చెవి వెనక వినికిడి యంత్రం. మాట్లాడుతున్నంతసేపూ నా కళ్లలోకి కాక పెదాల వైపు చూశారు. మరమగ్గాల మధ్య పనిచేసినవాళ్లకి అది అలవాటని తరవాత తెలిసింది. ఆ చప్పుడులో ఎవరి మాటా వినపడదు, పెదాలు చూసి అర్థం చేసుకోవాల్సిందే.

మేముండేది అమెరికాలో, క్యారీలో. పత్రిక ఉన్నది అక్కడికి ముప్పావు గంట ప్రయాణం, ఒకప్పుడు నూలు మిల్లు మీద బతికిన చిన్న ఊళ్లో. విజయవాడలో ఒక దినపత్రిక డెస్కు మీద ఇరవై రెండేళ్లు పనిచేశాక, నా భార్యకి ఇక్కడి మందుల కంపెనీలో ఉద్యోగం రావడంతో వచ్చేశాం. కొన్నేళ్లు వంటా, పిల్ల స్కూలూ, వీసా కాగితాలూ నా పని. గ్రీన్ కార్డ్ వచ్చాక ఈ వారపత్రికలో వారానికి మూడు రోజుల ఉద్యోగం దొరికింది. చర్చి భోజనాలు, హైస్కూలు ఫుట్‌బాల్ స్కోర్లు, నీళ్ల పైపులు మార్చే తేదీలు, మరణవార్తలు నావి. ఎడిటర్ అరవై దాటిన ఆవిడ. తండ్రి తరవాత ఆ పత్రికని తనే నడుపుతోంది.

పెద్దాయన చూపించింది నేను రాసిన వార్త కాదు. నేను చేరకముందు మరెవరో రాసిన దాన్ని అటూ ఇటూ మార్చి ఆ వారం మళ్లీ వేశాం. ఆ ఊళ్లో పుట్టి, ఇప్పటికీ పాడుతున్న ఒక గాస్పెల్ క్వార్టెట్ వార్షికోత్సవం గురించి. ఒకే రంగు సూట్లు వేసుకున్న నలుగురు మగవాళ్లు, ఒక పియానో, భక్తిపాటలు. ఇక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో అది ఒక పెద్ద సంప్రదాయం. గొంతుల్లో పై స్థాయి టెనర్, అడుగు స్థాయి బాస్, పాటని మోసేది లీడ్, ఈ ముగ్గురి మధ్య మిగిలిన సందులో బారిటోన్. ఒకరు తప్పుకుంటే ఇంకొకరు ఆ చోటికి వస్తారు, బృందం పేరు మాత్రం అలాగే సాగుతుంది. మా వార్తలో వాళ్ల మొదటి రికార్డు అట్ట మీది ఫోటో, దాని కింద నలుగురు వ్యవస్థాపకుల పేర్లు ఉన్నాయి.

"నాలుగో పేరు తప్పు. అక్కడ నాది ఉండాలి" అన్నారాయన.

ఫోటో చూశాను. నలుగురిలో ఎవరూ ఆయనలా లేరు. అరవై ఏళ్లు తీసేసి చూసినా లేరు. ఆ మాట పైకి అనలేదుగానీ నా మొహం చూసి గ్రహించినట్టున్నారు. "ఫోటోలో నేను లేను. పాటలో ఉన్నాను" అని, ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్లిపోయారు.

ఎడిటర్‌కి చెప్తే, నువ్వు ఈ ఊరివాడివి కాదు, నీకు ఎవరి వైపూ మొగ్గు ఉండదు, నువ్వే చూడమంది. ఆవిడ నియమం ఒక్కటే. విషయం తెలిసిన ఇద్దరు విడివిడిగా ధ్రువీకరించాలి. ధ్రువపడితే ఆ వెంటనే వచ్చే సంచికలో, రెండో పేజీలో సవరణ పడాలి. విజయవాడలోనూ మాకదే నియమం. తప్పని తేలాక ఒక్క రోజు ఆగినా అది రెండో తప్పని మా న్యూస్ ఎడిటర్ తిట్టేవారు. కాబట్టి నాకు ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

ఆ వారమే ఆయన ఇంటికి వెళ్లాను. మిల్లువాళ్లు కార్మికులకి కట్టించిన చిన్న చెక్క ఇల్లు. వంటగదిలోనే రికార్డ్ ప్లేయర్ పెట్టుకున్నారు. నాకు తియ్యటి ఐస్ టీ పోసిచ్చి, వినికిడి యంత్రం సరిచేసుకుని, రికార్డు పెట్టారు. పాట అయిపోయింది. ఆయన నా వైపు చూశారు.

"ఇందులో మీ గొంతు ఏది, సార్?" అని అడిగాను.

అడగకుండా ఉండాల్సింది. ఒక్కరు పాడితే వినే సంగీతం మధ్య పెరిగిన చెవులు నావి. నలుగురు కలిసి పాడినా నాకు ఒకటే పాట వినపడుతుంది. ఆయన కాసేపు రికార్డు అట్టని బల్ల అంచుకి సమానంగా జరుపుతూ కూర్చున్నారు. తరవాత నవ్వారు.

"నువ్వొక్కడివే కాదులే. బారిటోన్ గొంతు వాడి తల్లికి కూడా వినపడదని మాలో జోకు. లీడ్, టెనర్, బాస్ ముగ్గురూ తమకి కావలసిన స్వరాలు తీసుకుంటారు. మిగిలినవి బారిటోన్‌కి పెడతారు."

ఆ రోజు చాలాసేపు మాట్లాడారు. నేత గదిలో రెండో షిఫ్టులో పనిచేసేవారట, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. మగ్గాల మోతలో తన గొంతు తనకే వినపడదు కాబట్టి, రొమ్ము ఎముక మీద అరచెయ్యి పెట్టుకుని, ఆ అదురుని బట్టి స్వరం నిలబెట్టుకోవడం సాధన చేశారట. అందుకే మిగతా ముగ్గురి గొంతులు ఎటు లాగినా తను జారేవాణ్ని కాదన్నారు. మొదటి రికార్డు ఊళ్లోని రేడియో స్టేషన్ గదిలో ఒక ఆదివారం పాడారు. అట్ట మీదికి ఫోటో మాత్రం పనిదినాన మధ్యాహ్నం తీశారు. ఆ నెల అప్పటికే ఒకసారి సెలవడిగి ఉన్నారు, మళ్లీ అడిగితే మగ్గం ఇంకొకరికి పోతుంది. అందుకని లీడ్ పాడే అతని బంధువుని, కారు నడిపి రికార్డులు అమ్మిపెట్టే కుర్రాణ్ని, ఆయన కోటు తొడిగి నిలబెట్టారు. అట్ట మీద నలుగురు ఉంటే చాలనుకున్నారు.

రెండేళ్లకి ఆయన భార్య విడాకులు తీసుకుని, రెండేళ్ల పాపతో వెళ్లిపోయింది. తప్పెవరిదంటే ఇద్దరిదీ అన్నారు, అంతకు మించి చెప్పలేదు. విడాకులైన మనిషి వేదికెక్కి భక్తిపాటలు పాడటం అప్పట్లో చర్చిలు ఒప్పుకునేవి కావు. ఒకచోట పిలుపు రద్దయింది, ఇంకోచోటా రద్దయింది. మూడోసారి లీడ్ పాడే స్నేహితుడు ఇంటికొచ్చి, లోపలికి రాకుండా వరండాలోనే నిలబడి, కోటు అడిగాడు. ఆయన తెచ్చి ఇచ్చారు. ఫోటోలో ఆ కోటు తొడుక్కున్న బంధువే ఆ తరవాత ముప్ఫై ఏళ్లు బారిటోన్ పాడాడు. అతనూ పోయి చాలాకాలమైంది.

ఇన్నేళ్లు ఊరుకుని ఇప్పుడెందుకని అడిగాను. ఆయన జవాబు తిన్నగా ఇవ్వలేదు. పాపకి తొమ్మిదేళ్లప్పుడు సెలవులకి పంపితే ఈ రికార్డు చూపించానన్నారు. ఇది పాడింది నేనేనని చెప్తే, ఆ పిల్ల అట్ట మీద నలుగురినీ వేలుపెట్టి వరసగా చూసి ఏమీ అనలేదట. ఇంటికెళ్లాక తల్లితో మాత్రం, నాన్న అబద్ధాలు చెప్తాడని చెప్పింది. ఆ మాట ఫోన్లో తల్లి ఈయనకి చేరవేసింది.

"ఇప్పుడు తను మిషిగన్‌లో ఉంటుంది, నోవైలో. క్రిస్మస్‌కి ఫోన్ చేస్తుంది. మంచి పిల్ల. నేనేం చెప్పినా, 'సరే డాడీ' అంటుంది." రికార్డుని అట్టలోకి తోస్తూ అన్నారు. "నమ్మినవాళ్లు అలా అనరు. నువ్వు సవరణ వేస్తే కత్తిరించి పంపుతాను. పైన ఒక్క ముక్క కూడా రాయను."

పాటని నా ఫోన్‌లో రికార్డ్ చేసుకుని ఇంటికి తెచ్చాను. నా భార్య గుంటూరులో మిషన్ స్కూల్లో చదువుకుంది, అక్కడి క్వయర్‌లో ఆల్టో, అంటే ఆడవాళ్ల గొంతుల్లో కింది స్థాయి, పాడేది. కూర తరుగుతూ రెండుసార్లు విని, మూడోసారి కత్తి పక్కన పెట్టేసింది.

"అదుగో, ఇప్పుడు. కాదండీ, అది బాస్. దాని పైన ఇంకోటుంది చూడండి. కొంచెం వెనక్కి పెట్టండి."

"నాకు ఒక్క పాటే వినపడుతోంది."

"మీకెప్పుడూ ఒక్కటే వినపడుతుంది. ఇరవై ఏళ్లుగా అదే ప్రాబ్లమ్." మళ్లీ విన్నది. "ఎంత స్టెడీగా పట్టుకున్నాడండీ ఈయన. ఉన్నంతసేపూ ఎవరూ నోటీస్ చెయ్యరు. తీసేస్తే పాట డొల్లయిపోతుంది. మా క్వయర్‌లో నా గతీ అదే. కానీ ఈ వాయిస్ ఆయనదేనని మీరెలా ప్రూవ్ చేస్తారు?"

గొంతుతో నిరూపించలేను. రికార్డు అట్టని భూతద్దం పెట్టి చూశాను. కుడి చివర నిలబడ్డ కుర్రాడి కోటు చేతులు మణికట్టుకి రెండంగుళాల పైనే ఆగిపోయాయి. మిగతా ముగ్గురికీ కోట్లు కొలిచి కుట్టినట్టున్నాయి. అతను వేసుకున్నది తన కోటు కాదు. ఎడిటర్‌కి చూపిస్తే, బాగానే కనిపెట్టావు, కానీ కోటు మాట్లాడదు కదా, మనుషుల్ని వెతుకు అంది.

మొదటి నలుగురిలో పెద్దాయన కాక ఇంకా ఉన్నది లీడ్ పాడిన ఆయనొక్కరే. ఊరి చివర వృద్ధుల కేర్ హోమ్‌లో ఉన్నారు. వస్తారా అని పెద్దాయన్ని అడిగితే రానన్నారు. ఒక్కణ్నే వెళ్లాను. చక్రాల కుర్చీ, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, గోడ నిండా ఫలకాలు. పెద్దాయన పేరు చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "వాడికింకా కోపంగా ఉందా?" అని.

నేనేమీ అనకముందే తనే మొదలుపెట్టారు. మొదటి సాధన పెద్దాయన వంటింట్లోనే జరిగిందట. మూడే కుర్చీలుండేవి, ఇల్లుగలవాడు కాబట్టి ఆయన నిలబడి పాడారు. రికార్డులో బారిటోన్ గొంతు పెద్దాయనదే, అందులో సందేహం లేదు. తరవాతెప్పుడో ఒక సభకి కరపత్రం వేస్తూ ఎవరో పేర్లడిగితే, ఆ రోజు వేదిక మీదున్న నలుగురి పేర్లూ చెప్పానన్నారు. ఆ కరపత్రం చూసి ఇంకొకరు రాశారు. దాన్ని చూసి మీ పత్రికవాళ్లు రాశారు.

"కుట్రేమీ లేదు. ఎవరూ వాడి పేరు కొట్టెయ్యలేదు. రాయలేదంతే" అన్నారు. ఈ మాటలు వేసుకోవచ్చా అని అడిగితే వేసుకోమన్నారు. నేను లేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. "మా వాడి భార్యతో మాట్లాడావా? ఆమెతో మాట్లాడకుండా వెయ్యకు."

ఫోటోలో పెద్దాయన కోటు తొడుక్కుని నిలబడ్డ బంధువు భార్య. ఊళ్లో ఆవిడ తెలియనివాళ్లు లేరు. నలభై ఏళ్లు స్కూలు క్యాంటీన్‌లో వండింది, ఆ ఊళ్లో సగంమంది ఆవిడ చేతి బిస్కెట్లు తిని పెరిగినవాళ్లే. ఫోన్ చేస్తే రమ్మంది. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి పీచ్ పళ్లతో చేసిన తీపి వడ్డించింది. నేను నోట్‌బుక్ బల్ల మీద పెట్టాను, తెరవలేదు. వచ్చిన సంగతి చెప్తుంటే ఆవిడ పళ్లెం వైపే చూస్తూ విన్నది.

"నాకు తెలుసు, హనీ. వాళ్లు రికార్డు పాడిన రోజు ఆ గదిలో నేనున్నాను. నా భర్త బయట కార్లో ఉన్నాడు."

తరవాత చెప్పింది, చాలా మెల్లగా. భర్త తనంతట తను ఎప్పుడూ వ్యవస్థాపకుణ్నని చెప్పుకోలేదు. జనం అంటుంటే కాదని మాత్రం అనలేదు. ఆయన పోయాక సమాధి రాయి మీద ఏం చెక్కాలని అడిగితే, 'వ్యవస్థాపక సభ్యుడు' అనే మాట ఈవిడే చెప్పింది. అప్పటికి అందరూ అలాగే పిలుస్తున్నారు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆ రాయి దగ్గరికి వెళ్తుంది. మనవళ్లు దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతారు.

"నాకు ఎనభై రెండు. గుండె బాగోలేదు. నేను పోయేదాకా ఆగలేవా?"

ఆగుతానని నేను మాటివ్వలేదు. ఆగనని కూడా చెప్పలేదు. ఇంకొంచెం తీపి తిని వచ్చేశాను.

జరగాల్సింది అప్పటికి తేటతెల్లంగా ఉంది. ఇద్దరు చెప్పారు. గురువారం సంచికకి మంగళవారం రాసిస్తే సరిపోయేది, మూడు లైన్ల పని. ఎడిటర్ అడిగితే, ఒకరు చెప్పారు, ఇంకొకరితో మాట్లాడాలి అన్నాను. నా నోట్‌బుక్ మూసి ఉంది కాబట్టి ఆ పెద్దావిడ చెప్పింది లెక్కలోకి రాదని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. ఆ సంగతి చెప్పుకుంటున్నప్పుడే తెలుసు.

పత్రిక గురువారం పొద్దున వస్తుంది. పెద్దాయన పెట్రోల్ బంకులో ఒకటి కొనుక్కుని, తన పికప్ ట్రక్కులోనే కూర్చుని రెండో పేజీ చూసి, తొమ్మిదింటికి ఫోన్ చేసేవారు. కోపం లేదు, నిష్ఠూరం లేదు.

"ఈ వారం కాదన్నమాట."

"లేదు సార్. ఇంకొకరితో మాట్లాడాల్సి ఉంది."

"తొందరేం లేదు సన్, సరిగ్గా చెయ్యి" అనేవారు. ఆ తరవాత టమాటాల గురించో వాన గురించో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేవారు. పెద్దావిడ ఆగమన్న సంగతి ఆయనకి చెప్పలేదు. చెప్తే ఏమనేవారో నాకిప్పటికీ తెలియదు. ఆగుదాం అనేవారేమో. ఆగాల్సింది ఆయన కాబట్టి, ఆగాలో వద్దో తేల్చుకునే హక్కు కూడా ఆయనదే. దాన్ని నేను తీసుకున్నాను. అప్పుడు దాన్ని దయ అనుకున్నాను. ఇద్దరు ముసలివాళ్లలో ఎవరినీ నొప్పించకుండా నడుస్తున్నాననుకున్నాను.

ఐదో వారమో ఆరో వారమో నా భార్య మా ఫోన్ మాటలు విన్నది. గురువారాలు నేను ఇంటి నుంచే పనిచేస్తాను, ఆ రోజు తనకి సెలవు.

"ఆయనకి ఇంకా చెప్పలేదా? మీకు అంతా కన్ఫర్మ్ అయిపోయింది కదండీ."

పెద్దావిడ గుండె జబ్బు గురించి చెప్పాను. విన్నది. తన పని మందుల నాణ్యత చూడటం. ఒక బ్యాచ్‌లో తేడా కనపడితే అదే రోజు రిపోర్ట్ తెరవాలి. తెలిసీ తెరవకపోతే తేడా తెచ్చినవాళ్ల కన్నా ముందు ఆ మనిషి ఉద్యోగం పోతుంది.

"మీ న్యూస్‌పేపర్‌లో అలాంటిది లేదా?"

"ఉంది."

"మరి?"

నేను లేచి కాఫీ కప్పులు కడగడానికి వెళ్లాను. తను మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని కొన్నాళ్లు తన మీద కూడా కోపం తెచ్చుకున్నాను.

తొమ్మిది గురువారాలు ఫోన్ వచ్చింది. పదో గురువారం రాలేదు. పదకొండింటి దాకా చూసి నేనే చేశాను, ఎవరూ ఎత్తలేదు. మిల్లు దూది దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో ఎప్పట్నుంచో ఉందట. మంగళవారం సాయంత్రం ఆసుపత్రికి తీసుకెళ్లారు, బుధవారం పోయారు. ఆ కబురు నాకు చేరింది అంత్యక్రియలు చూసే ఫ్యునరల్ హోమ్ నుంచి వచ్చిన మరణవార్తతో. మరణవార్తలు నా పనే కాబట్టి అది నేరుగా నా కంప్యూటర్‌కే వచ్చింది.

రాసింది కూతురు. క్లుప్తంగా, మర్యాదగా ఉంది. ఏ మిల్లులో ఎన్నేళ్లు పనిచేశారో, తోటలో ఏమేం పండించేవారో, ఎంతమంది మనవళ్లో ఉంది. చివర్లో ఒక వాక్యం. ఆయనకి గాస్పెల్ సంగీతం వినడమంటే ఇష్టం.

కుటుంబం పంపిన మరణవార్తలో మేము ఒక్క అక్షరం మార్చకూడదు. అదీ నియమమే. ఆ వాక్యాన్ని అలాగే పేజీలో పెట్టాను.

ఫ్యునరల్‌కి నా భార్యా నేనూ వెళ్లాం. ఆ చర్చిలో ఇప్పుడు డ్రమ్స్, గిటార్లు ఉన్నాయి. పెద్ద తెర మీద ఆయన ఫోటోలు వేస్తూ స్పీకర్లలోంచి పాట పెట్టారు. ఎవరూ పాడలేదు. లీడ్ పాడిన ఆయన చక్రాల కుర్చీలో వెనక వరస పక్కన ఉన్నారు, నన్ను చూసి తల తిప్పుకున్నారు. ఫోటోలో మనిషి భార్య కూడా వచ్చింది. ముదురు నీలం గౌను వేసుకుని, ముందు వరసలో పెద్దాయన కూతురి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఏదో చెప్పింది. అరవై దాటిన ఆ కూతురు తండ్రిలాగే నిటారుగా నిలబడి అందరికీ కృతజ్ఞతలు చెప్తోంది. నా వంతు వచ్చినప్పుడు పత్రిక నుంచి వచ్చానన్నాను. వార్త బాగా వేశారని మెచ్చుకుంది. ఆయనతో నాకు పరిచయం ఎలాగని అడిగింది. తప్పొకటి చూపించడానికి ఆఫీసుకి వచ్చారని చెప్పాను. "డాడీ అలాంటివారే" అని నవ్వింది. నా వెనక ఇంకా జనం ఉన్నారు, పక్కకి తప్పుకున్నాను.

మర్నాడు సవరణ రాశాను. అచ్చుకి పంపే ముందు కాగితం మీద ముద్రించి ఫోటోలో మనిషి భార్య ఇంటికి తీసుకెళ్లాను. ఈసారి నోట్‌బుక్ తెరిచి బల్ల మీద పెట్టాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. ఫలానా సంచికలో వ్యవస్థాపక సభ్యుల్లో ఒకరిగా ఫలానా పేరు వేశాం, అది సరికాదు, ఆ స్థానంలో ఉండాల్సిన పేరు ఇది.

"నా భర్త పేరు లేకుండా రాయలేవా?"

ఏ తప్పు దిద్దుతున్నామో చెప్పకపోతే అది సవరణ కాదన్నాను. ఉన్నవి నాలుగు చోట్లే.

"అవును. నాలుగే." కాగితం నా వైపు జరిపింది. "నేను చెప్పానని రాసుకో. ఇప్పుడేం భయం లేదు." కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు కూర్చుంది. "ఆయన బతికుండగా వేసుంటే నీ మీద మండిపడేదాన్ని. చర్చిలో మొహం చెల్లక రెండు వారాలు ఇంట్లో కూర్చునేదాన్ని. తరవాత ఆయన ఇంటికెళ్లి, నన్ను క్షమించమని అడిగేదాన్ని. నాలుగు వీధులవతలే కదా ఇల్లు." నా వైపు చూసింది. "ఆగమని నేనడిగాను. నిజమే. కానీ నువ్వు పేపర్‌వాడివి, హనీ. నా మాట నువ్వు వినకూడదు."

ఆ గురువారం రెండో పేజీలో సవరణ వచ్చింది. అచ్చుకి ముందు ఎడిటర్ నా నోట్సు చదువుతూ తేదీల దగ్గర ఆగి, లీడ్ పాడిన ఆయన్ని కలిసింది ఎప్పుడు, పెద్దావిడని కలిసింది ఎప్పుడు అని అడిగింది. చెప్పాను. ఎడిటర్ సంతకం పెట్టి పేజీ పంపేసింది. ఆ తరవాత ఒక నెలపాటు సవరణలన్నీ తనే చూసుకుంది. వారం తిరిగేలోపు ఆఫీసుకి వచ్చిన ఫోన్లన్నీ చెత్త బండి వచ్చే రోజు మారడం గురించే. క్వార్టెట్ గురించి ఒక్కటీ లేదు.

సవరణ కత్తిరించి, మరణవార్త పంపినప్పుడు కూతురు ఇచ్చిన నోవై అడ్రసుకి పోస్టు చేశాను. పైన ఏమీ రాయలేదు. పెద్దాయన అలాగే పంపుతానన్నారు కదా.

పది రోజులకి కూతురు ఆఫీసుకి ఫోన్ చేసింది. కత్తిరింపు అందిందని చెప్పింది. పాత రికార్డు ఇప్పుడు తన దగ్గరే ఉందని, ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు దొరికిందని చెప్పింది. గొంతు తండ్రిదిలాగే నింపాదిగా ఉంది. ఇదంతా ఎలా తేలిందని అడిగితే ఎవరెవరితో మాట్లాడానో వరసగా చెప్పాను.

"ఆయన చెప్పింది నిజమని మీకెప్పుడు తెలిసింది?"

తేదీ చెప్పాను. ఆ రోజు నుంచి తండ్రి పోయిన రోజుదాకా ఆమె వారాలు లెక్కపెట్టుకోవడం మెల్లగా వినిపించింది.

"తెలిసిందని ఆయనకి చెప్పారా?"

"లేదు మేడమ్. చెప్పలేదు."

మిషిగన్‌లో అప్పటికే మంచు మొదలైనట్టుంది, ఫోన్లోంచి ఎవరో పారతో నేలని గీకుతున్న చప్పుడు వినిపిస్తోంది. కొంతసేపు ఇద్దరం దాన్నే విన్నాం. కవర్ పంపినందుకు థాంక్స్ చెప్పి, ఆమె ఫోన్ పెట్టేసింది.